నేను దిద్దిన తేదీ

కేసెట్టు మీద పెన్సిలుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయాయి. "చి.తా., 2004 మే, సైడ్ ఎ" అన్నది మాత్రం ఇంకా తెలుస్తోంది. చి.తా. అంటే చిన్నతాతయ్య, మా తాతగారికి పినతండ్రి కొడుకు. అది 90 నిమిషాల కేసెట్టు, ఒక్కో వైపు 45. అందులో 22వ నిమిషం దగ్గర నేనొక తప్పు చేశాను. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు దాన్ని చాలాసార్లు చెప్పుకున్నాను కానీ, కాగితం మీద పెట్టడం ఇదే మొదలు.

మాది మొవ్వ. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా క్షేత్రయ్య, ఆయన పదాల్లోని గోపాలుడు గుర్తొస్తారు. పక్కనే కూచిపూడి. మా మండలంలోనే భట్లపెనుమర్రు, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య పుట్టిన ఊరు. పంద్రాగస్టు నాడు బళ్లో హెడ్మాస్టరు గారి ఉపన్యాసం ఎక్కడ మొదలైనా భట్లపెనుమర్రులోనే తేలేది. "ఆ జెండా మన పక్కూరిదిరా" అనేవారు. బిళ్లలు పంచేముందు ఆ మాట పడకపోతే మాకు పండగ పూర్తయినట్టు ఉండేది కాదు.

కాటూరు, ఎలమర్రు అన్న పేర్లు మాత్రం ఆ ఉపన్యాసాల్లో ఎప్పుడూ రాలేదు. ఒకటి ఉయ్యూరు దగ్గర, రెండోది గుడివాడ వైపు. కుర్రతనంలో సైకిలెక్కి చూసి రాగల దూరమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, కమ్యూనిస్టుల నాయకత్వంలో తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తోంది. కృష్ణా జిల్లా దానికి దొడ్డిగుమ్మం. మనుషులు, డబ్బు, తలదాచుకునే చోటు ఇక్కడ దొరికేవి. చల్లపల్లి జమీందారీ మీద రైతులు, కూలీలు తిరగబడింది కూడా ఈ లంకల్లో, ఈ కాలవ గట్ల మీదే. హత్యలు రెండు వైపులా జరిగిన రోజులు. మద్రాసు ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసును దించింది. మాప్పిళ్ల తిరుగుబాటును అణచడానికి తెల్లవాళ్లు పెట్టుకున్న దళం అది. పెట్టింది 1921లో, బెజవాడలో వెంకయ్య గాంధీకి జెండా చూపించిన ఏడే. దొరలు వెళ్లిపోయారు కానీ దళం ఉండిపోయింది. 1949లో ఆ పోలీసులు కాటూరు, ఎలమర్రు మీద పడి, మగవాళ్లని పోగేసి, బట్టలు విప్పించి, గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు.

చిన్నతాతయ్యది ఆ రెండు ఊళ్లలో ఒకటి. ఏదో రాయను. అప్పటికి ఆయనకి 19 ఏళ్లు.

నేను వెళ్లింది ఆయన మీద ప్రేమతో అని చెబితే అబద్ధం. హైదరాబాదులో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. మనసంతా యూరప్ మీద ఉండేది. వలస, రాజకీయ హింస, జాతీయత, జ్ఞాపకం అన్న నాలుగు మాటలు కలిపి ఒక పేపరు ఉండేది మాకు. స్పెయిన్ అంతర్యుద్ధంలో కాల్చి రోడ్డు పక్కన పాతిపెట్టిన వాళ్ల ఎముకల్ని మనవలు వెతుక్కుంటున్నారని అందులోనే చదివాను. 1936లో చంపేసిన తన తాత కోసం ఎమీలియో సిల్వా అనే ఆయన 2000లో ప్రియరాంసా అనే ఊళ్లో గొయ్యి తవ్వించాడు. 13 మంది అస్థికలు బయటపడ్డాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రాజెక్టు స్పెయిన్ మీద చేస్తానని గైడు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా చెప్పుల వంకా చొక్కా వంకా చూసి, "మీ జిల్లాలో ఏమీ జరగలేదటోయ్?" అన్నారు.

అలా 31 ప్రశ్నల కాగితం, అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరు పట్టుకుని మే నెల మధ్యాహ్నం బస్సు దిగాను.

అరుగు మీద నులక మంచం. ముందు స్టూలు, దాని మీద రికార్డరు. మంచం మీద ఆయన. పక్క కుర్చీలో పేపరు చదువుతూ బాబాయి. ఎదురింటాయన చేపల చెరువు లీజు సంగతి మాట్లాడిపోదామని వచ్చి అక్కడే కూర్చున్నాడు. లోపలి నుంచి బాబాయి కూతురు కాఫీలు తెచ్చింది. నన్ను చూసి అందరూ సంతోషించారు. యూనివర్సిటీలో చదువుతున్న కుర్రాడు ఊరి సంగతులు రాసుకోడానికి వచ్చాడంటే ఆ పూట అదో వేడుక.

ఆ వేడుకలో, అంతమంది మధ్య, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "ఆ రోజు మీక్కూడా బట్టలు తీయించారా, చిన్నతాతయ్యా?" అని అడిగాను. అది నా కాగితంలో 12వ ప్రశ్న.

"అందరికీ" అన్నాడాయన. అంటూ పంచె ముడి మీద చెయ్యి వేసుకుని ఒకసారి బిగించుకున్నాడు. ఆ చెయ్యి నేను చూశాను. చూసి 13వ ప్రశ్నకి వెళ్లాను.

"అది తెల్లోళ్ల హయాం, అబ్బాయ్" అన్నాడు తర్వాత. "దొరల పోలీసులు. మానం మర్యాదా లేని మనుషులు. మనవాళ్లయితే అట్లా చేస్తారా?"

నా చేతిలో తేదీలున్నాయి. కమ్యూనిస్టు నాయకుల పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకున్నాను.

"కాదు చిన్నతాతయ్యా, 1949. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయింది."

"తెల్లోళ్లేనయ్యా."

"తెల్లవాళ్లుంటే గాంధీ విగ్రహం పెట్టనిస్తారా? ఆయన చనిపోయిందే 48లో."

టేపులో వింటే ఆ మాట చివర నా గొంతులో చిన్న నవ్వుంది. బాబాయి కూడా నవ్వాడు, "పెద్దాయన మర్చిపోతున్నాడులే" అని. ఎదురింటాయన ఏమీ అనలేదు. ఆ తర్వాత గేదె అరుపు, ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు: "నీకన్నీ తెలుసుగా. నన్నడగటం ఎందుకు?"

నేనేమన్నాను? "సరే, ఇక వ్యవసాయం గురించి" అన్నాను. మిగిలిన సగం టేపులో ఉన్నదంతా ధాన్యం ధరలు, కాలవ నీళ్ల వంతులు, అవును, కాదు. ప్రాజెక్టులో ఆయన మాటలకి ఒక ఫుట్‌నోట్ పెట్టాను: "కాలక్రమం విషయంలో ఈ సాక్షి జ్ఞాపకం నమ్మదగినది కాదు." ఆధారాలను జాగ్రత్తగా తూచానని మెచ్చుకుని మంచి మార్కులే వేశారు.

కొన్నాళ్లకి ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి రాసిన ఒక వ్యాసం చేతికొచ్చింది. టెర్ని అనే ఉక్కు కర్మాగారాల ఊళ్లో లూయిజీ ట్రస్టుల్లి అనే 21 ఏళ్ల కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. తేదీ 1949 మార్చి 17. ఇటలీ నాటోలో చేరడానికి వ్యతిరేకంగా కార్మికులు వీధిలోకి వచ్చిన రోజు. పోర్టెల్లి వెళ్లి ముసలి కార్మికుల్ని అడిగితే చాలామంది అది 1953లో జరిగిందన్నారు. ఆ ఏడు కర్మాగారం సుమారు 2,000 మందిని పనిలోంచి తీసేసింది, ఊరంతా రోడ్డెక్కింది. కుర్రాడు ఆ పోరాటంలో పోయాడన్నారు.

పోర్టెల్లి వాళ్లని మతిమరుపు మనుషులని రాయలేదు. ఇంతమంది ఒకే వైపుకి ఎందుకు పొరబడ్డారని అడిగాడు. తోటివాడు చచ్చిపోతే ఆ రోజు తాము ఏమీ చెయ్యలేకపోయారు. ఆ సిగ్గు వాళ్లని తినేసింది. ఆ చావుకి తగినంత పెద్ద పోరాటం నాలుగేళ్ల తర్వాత వచ్చింది. చావుని తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నారు. తేదీ తప్పు. కానీ అది తప్పకపోతే ఆ సిగ్గు సంగతి చరిత్రకారుడికి తెలిసేదే కాదు.

చదువుతుంటే నా నవ్వు నాకే వినపడింది. పెట్టెలోంచి కేసెట్టు తీసి మొదటి నుంచి మళ్లీ విన్నాను. ఐదో నిమిషంలో ఆయన చెప్పిన ఒక ముక్కని అప్పట్లో నేను కాగితం మీద పెట్టనే లేదు. 1947 ఆగస్టు 14న ఊళ్లో జెండాకి గుడ్డ లేదని తేలిందట. 17 ఏళ్ల కుర్రాడు సైకిలేసుకుని బందరు వెళ్లి, గుడ్డ కొని, వానలో తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, రాత్రికి రాత్రి తిరిగొచ్చాడట. తెల్లారి వెదురుబొంగు నిలబెట్టింది కూడా తనేనట. ఆ ముక్క చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో వయసు లేదు. నేను మధ్యలో అడ్డం వచ్చి "సరే, పోలీసుల సంగతికి వద్దాం" అన్నాను.

ఆ జెండా పట్టుకున్న రెండేళ్లకే ఆ జెండా తాలూకు పోలీసులు ఆయన్ని బజార్లో బట్టల్లేకుండా నిలబెట్టారు. అదీ గాంధీ ముందు. ఆ రెండూ ఒకే మనిషికి జరిగాయంటే లోపల ఎక్కడ పెట్టుకుంటాడు? ఏదో ఒకటి పక్కకి జరపాలి. జెండాని జరపలేక పోలీసుల్ని జరిపాడు. వాళ్లని ఓడెక్కించి తెల్లవాళ్ల వైపు పంపేశాడు. "మనవాళ్లయితే అట్లా చేస్తారా?" అన్నది నిజానికి నన్ను అడిగిన ప్రశ్న. దానికి నేను తేదీ చెప్పి జవాబిచ్చాను. అవును, మనవాళ్లే చేశారు అని ఆయన అరుగు మీద, ఆయన కొడుకు ముందు, నవ్వుతూ చెప్పాను.

2006 సంక్రాంతికి మళ్లీ వెళ్లాను, రికార్డరు లేకుండా. ఆదరంగానే మాట్లాడాడు. నా ఉద్యోగం గురించి అడిగాడు, కూచిపూడి భాగవతుల గురించి చెప్పాడు, 77 దివిసీమ ఉప్పెన రాత్రి గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో చేత్తో చూపించాడు. నవంబరు 19 అని తేదీ తప్పు లేకుండా చెప్పాడు, వారంతో సహా. జ్ఞాపకం బాగాలేని మనిషి కాదాయన. ఆ ఒక్క తలుపు మాత్రం నా ముఖాన మూసుకుపోయింది. 2009లో ఆయన పోయారు.

ఆ సంక్రాంతి నాడు దొడ్లో అరిసెల మూకుడు దగ్గర చిన్ననాయనమ్మ నాతో అన్న మాటలు చెప్పాలి. నేనేమీ అడగలేదు. పాకం చూసుకుంటూ తనే అంది. "మీ తాత కాలవలో స్నానం మానేశాడు తెలుసా? పెళ్లయి నేనొచ్చేసరికే లేదు. వేసంకాలం ఊరు ఊరంతా కాలవలో ఉంటే ఈయన తడికె వెనకాల చెంబుతో పోసుకునేవాడు. చొక్కా తియ్యకుండా పొలం వెళ్లేవాడు. పిచ్చోడనుకున్నా. తర్వాత మా అత్త చెప్పింది."

"నాయనమ్మా, ఆ రోజు ఊళ్లో ఆడవాళ్లు..."

"తలుపులేసుకున్నారు. చూడకూడదని. ఎవరూ చూళ్లేదు, మా అత్తా చూళ్లేదు. ఎవర్నడిగినా చూళ్లేదనే చెబుతారు." అరిసె తీసి చెక్కల మధ్య నొక్కింది. "చూసినా చూళ్లేదనే చెబుతారు."

స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో పోయాక దాదాపు పార్టీలన్నీ కలిసి పాత లెక్కలు తవ్వకూడదని ఒప్పుకున్నాయి. 1977 అక్టోబరులో, మా దివిసీమ ఉప్పెనకి నెల ముందు, క్షమాభిక్ష చట్టం వచ్చింది. ఆ ఒప్పుకోలుని మరపు ఒప్పందం అంటారు. అది పిరికితనమని నా ప్రాజెక్టులో ధాటిగా రాశాను. అరిసెల మూకుడు దగ్గర ఇంకో రకం ఒప్పందం కనిపించింది. మగవాళ్ల మానం కోసం ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి గుడ్డివాళ్లయ్యారు. దానికి చట్టం లేదు, సంతకాల్లేవు. 55 ఏళ్లు నిలబడింది. దాన్ని ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతూ నేను తన్నేశాను.

ఇంకో ముక్క తర్వాత దొరికింది. చిన్నతాతయ్య తమ్ముడు, తుంగభద్ర డ్యాము వచ్చాక, ఇక్కడి ఎకరం అమ్మి అక్కడ ఎక్కువ కొనుక్కోవచ్చని వెళ్లినవాళ్లలో ఒకరు. కర్ణాటకలో సింధనూరు దగ్గర క్యాంపు. మనవాళ్లు కట్టుకున్న ఊళ్లని అక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. 2011లో ఒక పెళ్లికి వెళ్లి ఆయన్ని చూశాను. సగం కన్నడం కలిసిన కృష్ణా తెలుగు. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయనే మొదలెట్టాడు, చెట్టు కింద, ఇద్దరమే ఉన్నప్పుడు.

"49లో. సొతంత్రం వచ్చాకే. మన గవర్నమెంటే."

ఒక్క తేదీ తప్పలేదు. అన్నకి నాలుగేళ్లు చిన్నవాడు, చదువు కూడా తక్కువే. మరి ఈయనకెలా గుర్తుంది? చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. అన్న ఆ విగ్రహం పక్కనుంచే రోజూ పొలం వెళ్లాలి. ఆ జెండా ఎగిరే బడికే పిల్లల్ని పంపాలి. ఆ ప్రభుత్వం ఆఫీసులోనే శిస్తు కట్టాలి, ఓటు వెయ్యాలి. ఉన్నవాడు బతకాలంటే ఏదో ఒకటి సర్దుకోవాలి. తమ్ముడు ఊరు వదిలేశాడు కాబట్టి తేదీని వదలక్కర్లేకపోయింది. స్పెయిన్‌లోనూ అంతే. 1939 మొదట్లో సుమారు 5 లక్షల మంది దేశం వదిలి ఫ్రాన్సు సరిహద్దు దాటారు. యుద్ధం కథలు పిల్లలకి గట్టిగా చెప్పుకున్నది వాళ్లూ, మెక్సికో దాకా వెళ్లినవాళ్లూ. ఊళ్లో మిగిలినవాళ్లు గొంతు తగ్గించుకుని బతికారు. వలస వెళ్లినవాడు ఊరిని మర్చిపోతాడని మనం జాలిపడతాం. కొన్నిసార్లు ఊరు మొయ్యలేని సంగతిని మోసుకెళ్లేది అతనే. మా కుటుంబంలో ఆయన చౌక భూమి కోసం వెళ్లాడనే చెబుతారు. "భూమి కోసమేనా తాతయ్యా?" అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయన చెప్పాలనుకున్నది చెప్పాడు.

ఇదంతా విని, జ్ఞాపకం ఏం చెప్పినా పవిత్రమే అనుకోకూడదు. రోములో 1944 మార్చి 23న వియా రసెల్లా అనే వీధిలో ప్రతిఘటన దళం బాంబు పెడితే 33 మంది జర్మన్ పోలీసులు చనిపోయారు. మర్నాడు జర్మన్లు అర్డియాటినే గుహల్లో 335 మందిని కాల్చేశారు. బాంబు పెట్టినవాళ్లు లొంగిపోతే మిగతావాళ్లని వదిలేస్తామని జర్మన్లు ప్రకటించారని రోములో చాలామంది దశాబ్దాల పాటు నమ్మారు. అలాంటి ప్రకటన లేదు. చంపేశాకే ఊరికి చెప్పారు. దీని మీద పుస్తకం రాసింది కూడా పోర్టెల్లే. ఆ అబద్ధం చేసిన పని వేరు. హంతకుడి మెడలోంచి నేరాన్ని తీసి ఎదిరించినవాడి మెడలో వేసింది. మా వైపు కూడా "ఆ కమ్యూనిస్టు దళాలవాళ్లు వచ్చి లొంగిపోయుంటే ఊరికి ఆ గతి పట్టేదా?" అనేవాళ్లు తగిలారు. చిన్నతాతయ్య తప్పూ, ఈ తప్పూ ఒకటి కాదు. ఆయన తప్పు తనని తాను నిలబెట్టుకోడానికి. రెండోది ఇంకొకరి మీదికి తొయ్యడానికి. రెంటినీ దిద్దాలి, కానీ మొదటిదాన్ని అరుగు మీద కాదు.

ఇప్పుడు నేను పిల్లలకి చెప్పేది కొద్దిగానే. మనిషి ఇంటికెళ్తే మొదటిసారి రికార్డరు సంచిలోంచి తియ్యొద్దు. కొడుకు ముందు తండ్రిని అవమానం గురించి అడగొద్దు. తేదీ తప్పితే పక్కన చిన్న చుక్క పెట్టుకుని వినండి, "అప్పుడు మీరేం చేస్తుండేవారు?" అని మాత్రం అడగండి. దిద్దడానికి లైబ్రరీ ఉంది, రాత్రంతా ఉంది. మీ మాట ఎంతుందో వాళ్ల మాట ఎంతుందో టేపు విని లెక్కెయ్యండి. నేను లెక్కేస్తే ఆ 45 నిమిషాల్లో 19 నావే. ఇంకోటి, మిమ్మల్ని కూర్చోబెట్టిన అరుగుల మీద మాత్రమే కూర్చుని వచ్చెయ్యొద్దు. ఆ రోజు పోగేసిన వాళ్లలో పాలేళ్లూ కూలీలూ ఉండే ఉంటారు. వాళ్ల పేటకి నేను వెళ్లనే లేదు. ఆ కేసెట్టు లేకపోవడం ఈ కేసెట్టు కన్నా పెద్ద తప్పు. దాన్ని దిద్దుకునే వీలు ఇప్పుడు లేదు, ఆ వయసువాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

పాత ప్రాజెక్టు కాపీని ఈ మధ్య మళ్లీ తీశాను. దాన్ని ఎవరూ అడగరు, చదవరు. అయినా ఆ పేజీ తిరిగి టైపు చేసి పెట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టుగానే ఉంచాను. మార్చింది ఒక్క ఫుట్‌నోటే. ఇప్పుడది ఇలా ఉంది:

"ఈ సంఘటన తెల్లవాళ్ల హయాంలో జరిగిందని సాక్షి చెప్పారు. జరిగింది 1949లో. అలా ఎందుకు చెప్పారో తెలుసుకునే అవకాశం ఉండేది. ప్రశ్నలు అడిగిన మనిషి మధ్యలో నవ్వాడు, సాక్షి ఆపేశారు."